పాలు, పప్పు, తెల్ల ఎలుకలు



ఈ నెల మీ ఉత్తరాల కట్టలో నుంచి ఒకదాన్ని తీసి విడిగా పెట్టుకున్నాను. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ నాయనమ్మకు కడుపులో గడ్డ ఉన్నదని, అది కాన్సర్ అని డాక్టర్లు చెప్పారట. ఆ మాట తెలిసిన దగ్గర్నుంచీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు నాయనమ్మకు పాలూ, పెరుగూ, పప్పూ మానిపించారట. "మాంసకృత్తులు తింటే గడ్డ పెరుగుతుందని ఎలుకల మీద పరీక్షలు చేసి తేల్చారని అంటున్నారు. నాయనమ్మ రోజు రోజుకూ చిక్కిపోతున్నది. ఎలుకల సంగతి నిజమేనా?" అని అడిగింది.

డాక్టరును అడగకుండా నాయనమ్మకు ఏదీ మానిపించవద్దని ఆ అమ్మాయికి వెంటనే విడిగా జవాబు రాశాను. ఇక ఎలుకల సంగతి. అది నిజమే. కాని ఆ ఇంటికి చేరింది సగం కథ. రెండో సగం కూడా తెలిస్తేనే మొదటి సగానికి అర్థం. పైగా ఆ కథలో ముఖ్యమైన ఘట్టం జరిగింది మన హైదరాబాదులోనే. కాబట్టి మొదటినుంచీ చెబుతాను. మీ అమ్మా నాన్నా కూడా చదివితే మంచిది.

ముందు మాంసకృత్తులంటే ఏమిటో చూద్దాం. పప్పులు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం, వేరుసెనగ పప్పు - వీటిలో ఇవి బాగా ఉంటాయి. బియ్యంలో, గోధుమల్లో కొద్దిగా ఉంటాయి. ఇటుకల మీద ఇటుక పేర్చి గోడ కట్టినట్టు, ఎమినో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలు కలిసి మాంసకృత్తులు అవుతాయి. ఆ ముక్కలు 20 రకాలు. వాటిలో 9 రకాలను మన శరీరం తయారు చేసుకోలేదు, తిండిలో నుంచే రావాలి. ఆ తొమ్మిదింటిలో ఒకటి లైసీన్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, తరువాత పని పడుతుంది. బియ్యంలో, గోధుమల్లో లైసీన్ తక్కువ. పప్పులో ఎక్కువ. మనవాళ్ళు అన్నంలో పప్పు కలుపుకు తినటం ఎంత తెలివైన పనో చూశారా? లైసీన్ అనే మాట పుట్టకముందే వాళ్ళకు ఆ సంగతి నాలుక మీద తెలుసు!

ఇక కథలోకి వద్దాం. 1960లో ఇంగ్లండులో ఒక వింత జరిగింది. టర్కీకోళ్ళ పిల్లలు ఉన్నట్టుండి మేత మానేసి, రెక్కలు వేలాడేసి, చచ్చిపోసాగాయి. ఒకటీ రెండూ కాదు, లక్షకు పైగా చచ్చిపోయాయి. ఏ జబ్బో ఎవరికీ అంతు పట్టలేదు. అంటుజబ్బు అనుకుందామంటే ఏ క్రిమీ దొరకలేదు. ఆఖరుకు అనుమానం మేత మీదికి పోయింది. ఆ మేతలో బ్రెజిలు దేశం నుంచి ఓడలో వచ్చిన వేరుసెనగ చెక్క ఉన్నది. కాయ నుంచి నూనె తీశాక మిగిలే పిప్పే చెక్క. మన పల్లెల్లో పశువులకు పెడతారే, అదే. ఆ చెక్కకు బూజు పట్టింది. బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది చేసే విషానికి ఆ పేరులోని అక్షరాలనే కూర్చి ఆఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది శరీరంలో పోయి పడేది ముఖ్యంగా కాలేయం మీద. ఒక్కసారిగా ఎక్కువ పడితే ప్రాణం తీస్తుంది. కొద్ది కొద్దిగా చాలాకాలం పడితే కాలేయంలో కాన్సర్ తెస్తుంది.

ఈ వార్త వినగానే మన దేశంలో శాస్త్రజ్ఞుల గుండెల్లో రాయి పడింది. ఎందుకంటారా? వేరుసెనగ మనకు తిండి. అంతేకాదు, ఆ రోజుల్లో మన పల్లెల్లో చాలామంది చిన్నపిల్లలు మాంసకృత్తులు చాలక ఒళ్ళు ఉబ్బి, జుట్టు ఎర్రబడి, జబ్బు పడేవారు. వాళ్ళకు చవకగా బలమైన ఆహారం ఏది పెట్టాలా అని ఆలోచించి, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయం వారు నూనె తీసిన వేరుసెనగ పిండి 75 పాళ్ళు, సెనగపిండి 25 పాళ్ళు కలిపి ఒక ఆహారం తయారు చేశారు. పిల్లల్ని బతికించటానికి పెట్టే పిండిలోనే బూజు విషం ఉంటే? అసలే మాంసకృత్తులు చాలని పిల్లవాడి మీద ఆ విషం ఎలా పని చేస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చోటు హైదరాబాదు, తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయం. దాని పుట్టుక కూడా ముచ్చటైనదే. 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో, పాస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో, రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు దాన్ని ప్రారంభించాడు. అప్పుడు దాని పని బెరిబెరి జబ్బును గురించి విచారించటం. ఈ మెకారిసన్ తరువాత మన దేశంలోని వేరు వేరు ప్రాంతాల వాళ్ళు తినే భోజనాలను ఎలుకలకు వడ్డించి, ఏ భోజనం తిన్న ఎలుక ఎలా పెరుగుతుందో తూచి చూశాడు. రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు ఉన్న సిక్కుల భోజనం తిన్న ఎలుకలు దిట్టంగా పెరిగాయి. బియ్యమే ఎక్కువగా ఉన్న మన దక్షిణాది భోజనం తిన్నవి వెనకబడ్డాయి. (మనకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది, కాని ఎలుకలకు పక్షపాతం ఉండదు గదా!) ఆ పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చింది.

1960ల్లో దానికి డైరెక్టరు సి. గోపాలన్. ఆయనా, టి. వి. మాధవన్ అనే ఆయనా కలిసి పాలు మానిన పిల్ల ఎలుకల్ని తీసుకున్నారు. వాటిని రెండు జట్లు చేశారు. ఇక్కడ కాస్త ఆగి, ఇలాంటి పరీక్ష ఎలా చేస్తారో చూడండి. ఒక జట్టుకు మేతలో నూటికి 20 పాళ్ళు మాంసకృత్తులు, రెండో జట్టుకు 5 పాళ్ళు. మాంసకృత్తులు తగ్గించినప్పుడు ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపాలి గదా, లేకపోతే ఆ ఎలుకలు పస్తులున్నట్టు అవుతుంది. అందుకని పిండి పదార్థం కలుపుతారు. ఉప్పులూ, విటమిన్లూ అన్నిటికీ సమానం. ఇంతా చేస్తే గాని, రెండు జట్లకూ తేడా వచ్చినప్పుడు "ఇది మాంసకృత్తుల వల్ల వచ్చిన తేడా" అని అనటానికి వీలులేదు. వాళ్ళు వాడిన మాంసకృత్తు పాలలోని కేసీన్. పాలు విరిగితే ముద్ద కడుతుందే, అది ముఖ్యంగా కేసీనే. రెండు జట్లకూ ఆఫ్లటాక్సిన్ ఇచ్చారు.

మాంసకృత్తులు చాలని ఎలుకల కాలేయాన్ని విషం తొందరగా, ఘోరంగా దెబ్బ తీస్తుందని వాళ్ళు 1965లోనే ప్రకటించారు. అంటే బలహీనుడి మీదే విషం దెబ్బ గట్టిగా పడుతుంది. ఇది మనం ఊహించగలిగిందే. కాలేయం దెబ్బ తిన్నప్పుడు తన్ను తాను బాగు చేసుకోవాలంటే మాంసకృత్తులే కావాలి, అవి లేవు.

కాని 1968లో ప్రకటించిన సంగతి ఎవరూ ఊహించనిది. 20 పాళ్ళు తిన్న ఎలుకలు బతికి బట్టకట్టాయి. కాని వాటిలో చాలావాటికి కాలేయంలో కాన్సరో, కాన్సరుకు ముందు కనిపించే గుర్తులో వచ్చాయి. 5 పాళ్ళు తిన్న ఎలుకల్లో చాలా భాగం మధ్యలోనే చచ్చిపోయాయి. ఆఖరుదాకా మిగిలిన వాటిలో కాన్సర్ లేదు!

ఆ అమ్మాయి ఇంటికి చేరిన సగం ఇదే: "ఎక్కువ మాంసకృత్తులు తిన్న ఎలుకలకు గడ్డలు వచ్చాయి, తక్కువ తిన్న వాటికి రాలేదు." తక్కువ తిన్నవి ఏమైపోయాయన్నది దారిలో ఎక్కడో జారిపోయింది.

అయితే ఇందులో నిజంగా ఒక చిక్కు ఉన్నది. బతికిన వాటికి గడ్డలు ఎందుకు రాలేదు? అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కాలిన్ కాంప్‌బెల్ అనే ఆయన హైదరాబాదు వాళ్ళ వ్యాసం చదివి, ఈ చిక్కు విప్పటానికి కొన్ని సంవత్సరాలు కష్టపడ్డాడు. అంతకు ముందు ఆయన ఫిలిప్పీన్సు దీవుల్లో తిండి చాలని పిల్లల కోసం పని చేసినవాడు.

ఆయనా, ఆయన శిష్యులూ ఎలుకలకు కొన్ని రోజులు విషం ఇచ్చి ఆపేశారు. తరువాత మేత మార్చి మార్చి చూశారు. పెద్ద గడ్డలు వచ్చేదాకా ఆగకుండా, కాలేయాన్ని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, గడ్డకు ముందు కనిపించే కణాల గుంపుల్ని లెక్కపెట్టారు. 20 పాళ్ళ కేసీన్ తింటుంటే ఆ గుంపులు పెరిగాయి. 5 పాళ్ళకు మార్చితే తగ్గాయి. మళ్ళీ 20కి మార్చితే మళ్ళీ పెరిగాయి! మూడేసి వారాలకు ఒకసారి ఇలా మార్చి చూశారు. దీపం వత్తి ఎగదోస్తే వెలుగు పెరిగి, దించితే తగ్గినట్టు ఉన్నది.

కారణం కొంతవరకు తెలిసింది. ఆఫ్లటాక్సిన్ ఉన్నది ఉన్నట్టుగా కాన్సర్ తేదు. కాలేయంలోని ఎంజైములు దాన్ని మరొక రూపంలోకి మారుస్తాయి. ఆ రూపమే కణంలోని వంశసూత్రాలకు అతుక్కుని వాటిని పాడు చేస్తుంది. మాంసకృత్తులు చాలకపోతే ఆ ఎంజైములు మందగిస్తాయి. ఇంట్లో గొడ్డలి లేకపోతే దొంగకూ గొడ్డలి దొరకదు, అయితే మనకు కట్టెలు కొట్టుకోవటానికీ దొరకదు!

ఇప్పుడు లైసీన్‌తో పని పడింది. 1989లో వాళ్ళు కేసీన్ బదులు గోధుమలోని జిగురు మాంసకృత్తును 20 పాళ్ళు పెట్టి చూశారు. మామూలుగా ఆలోచిస్తే 20 పాళ్ళు 20 పాళ్ళే గదా, గుంపులు పెరగాలి. పెరగలేదు. అప్పుడు ఆ మేతలోనే కాస్త లైసీన్ కలిపారు. అంతే! గుంపులు పెరిగాయి, కేసీన్ తిన్నట్టే.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? "పాలు చెడ్డవి, గోధుమలు మంచివి" అని చదువుకున్నవాళ్ళు కూడా కొందరు దీన్ని అర్థం చేసుకున్నారు. కాంప్‌బెల్ 2005లో రాసిన "ద చైనా స్టడీ" అనే పుస్తకం చదివి పాలు మానేసినవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. నా మటుకు నాకు ఇది వేరే విధంగా కనిపిస్తుంది. ఒక్క గోధుమ మాంసకృత్తే తిన్న ఎలుక లైసీన్ చాలక సరిగా ఎదగదు. ఎలుకే ఎదగనప్పుడు దాని కాలేయంలోని చెడ్డ గుంపు మాత్రం ఎలా ఎదుగుతుంది? లైసీన్ కలిపితే రెండూ ఎదిగాయి. పొలానికి నీరు పెడితే వరీ పెరుగుతుంది, కలుపూ పెరుగుతుంది. కలుపు పోవాలని నీరు ఆపేసే రైతు ఉంటాడా? అదీగాక, మన అమ్మ గోధుమరొట్టెతో పాటు పప్పు వడ్డించిందంటే లైసీన్ విస్తట్లోకి వచ్చేసినట్టే. పప్పు చెట్టున కాసిందే గదా!

మరొక సంగతి. గడ్డ మీద తిండి ప్రభావం కాలేయం ఒక్కదానిలోనే ఉండదు. మన శరీరంలో కాపలా సైన్యం ఒకటున్నది. క్రిముల్నీ, చెడిపోయిన కణాల్నీ పట్టి చంపే తెల్ల కణాలు, వాటితో పాటు రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు అనే ఆయుధాలు. ఈ ఆయుధాలు కూడా మాంసకృత్తులే. అమెరికాలో జోస్, గుడ్ అనే ఇద్దరు డాక్టర్లు చిట్టెలుకలకు మాంసకృత్తులు కొంచెం తగ్గించీ, బాగా తగ్గించీ చూసి 1973లో ప్రకటించారు. కొంచెం తగ్గిస్తే ప్రతిరక్షకాలు తగ్గాయి, కాని గడ్డ కణాల్ని నేరుగా చంపే తెల్ల కణాల బలం తగ్గలేదు. అప్పుడు గడ్డ మీద పోరాటం బాగానే జరిగింది. కొన్ని ప్రతిరక్షకాలు గడ్డను చుట్టుకుని దానికే డాలుగా పనిచేస్తాయి, అవి తగ్గటం కూడా మేలే చేసింది. కాని మాంసకృత్తులు బాగా తగ్గించేసరికి సైన్యం మొత్తం కూలబడింది.

తరువాత కెనడాలో మాంట్రియల్ నగరంలో గుస్టావో బూనస్, ఆయన తోటివారు చేసిన పరీక్షలు నాకు అన్నిటికంటే ఇష్టం. వాళ్ళు మాంసకృత్తుల పాళ్ళు మార్చలేదు. ఎంత అన్నది అందరికీ సమానం, ఏది అన్నదే తేడా. ఒక జట్టు చిట్టెలుకలకు కేసీన్, ఒక జట్టుకు సోయా చిక్కుడు, ఇంకొక జట్టుకు గోధుమ, మరొక జట్టుకు పాలు విరిగినప్పుడు పైకి తేరే తేటనీటిలోని మాంసకృత్తు. గొర్రె రక్తకణాలను ఎక్కించి, ఎవరి సైన్యం ఎన్ని ప్రతిరక్షకాలు చేస్తుందో లెక్కపెట్టారు. తేట మాంసకృత్తు తిన్న చిట్టెలుకలు గెలిచాయి! పేగులో గడ్డలు తెచ్చే ఒక రసాయనం ఇచ్చి చూసినప్పుడు కూడా, తేట తిన్న వాటికి కేసీన్ తిన్న వాటికంటే గడ్డలు తక్కువ వచ్చాయి. తేటలో గంధకం ఉన్న సిస్టీన్ అనే ముక్క ఎక్కువ. దానితో కణాలు గ్లుటథయోన్ అనే రక్షక పదార్థాన్ని చేసుకుంటాయి. కారణం అదేనని వాళ్ళు చెప్పారు.

చూశారా విచిత్రం! ముద్దా పాలదే, తేటా పాలదే. కావలిస్తే ఇంట్లో అమ్మనడిగి ఒక గ్లాసు వేడి పాలలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి. ముద్ద ఒకపక్కకు, పచ్చటి తేట ఒకపక్కకు చేరతాయి. ఒకే గిన్నెలో ఉన్న రెండు పదార్థాలు చిట్టెలుకల మీద వేరు వేరుగా పని చేస్తే, "పాలు మంచివా, చెడ్డవా?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఎక్కడినుంచి వస్తుంది? (పరీక్ష అయిపోయాక రెండూ పారెయ్యకండి. పంచదార కలుపుకుంటే ముద్ద బాగుంటుంది. తేట పప్పుచారులో పోయవచ్చు.)

ఇక నాయనమ్మ దగ్గరికి వద్దాం. హైదరాబాదు ఎలుకలకు బూజు విషం ఇచ్చారు, మేతలో ఉన్న మాంసకృత్తు ఒక్క కేసీన్ మాత్రమే. మనం అలా తినం. మనిషికి గడ్డ ఉన్నప్పుడు శరీరం తన కండను తానే కరిగించుకుంటుంది. తిండిలో మాంసకృత్తులు లేకపోతే అది ఇంకా తొందరగా కరుగుతుంది. గడ్డ మాత్రం కండలో నుంచి కావలసింది లాక్కుంటూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఒంటి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది. కాన్సర్ వచ్చిన వాళ్ళకు 1 గ్రాముకు తగ్గకూడదనీ, వీలైతే 1.5 గ్రాముల దాకా ఇవ్వాలనీ యూరప్ వైద్యుల నియమం. అంటే 50 కిలోలున్న నాయనమ్మకు రోజుకు 50 గ్రాములైనా కావాలి. ఒక గ్లాసు పాలలో సుమారు 7 గ్రాములు ఉంటాయి, గుడ్డులో 6, గుప్పెడు కందిపప్పులో మరొక 7 లేక 8. లెక్క వేసి చూడండి, అన్నీ మానిపిస్తే ఎక్కడినుంచి తెస్తారు? మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఎవరికెంత అన్నది వాళ్ళ డాక్టరు చెప్పాలి. అంతేగాని ఎలుకల పేరు చెప్పి ఇంట్లో వాళ్ళు తేల్చే విషయం కాదు.

ఈ హడావిడిలో అందరూ మరచిపోయిన అసలు దొంగ ఒకడున్నాడు. బూజు! ఎలుకకు కాన్సర్ తెచ్చింది బూజు విషం. పాలూ పప్పూ కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలు తిని నూరుమందికి పైగా చనిపోయారు. ఆ జొన్నలు తిన్న కుక్కలు కూడా చచ్చాయి. హైదరాబాదు సంస్థ నుంచి వెళ్ళినవాళ్ళే అది ఆఫ్లటాక్సిన్ పని అని తేల్చారు. ఇప్పుడు ధాన్యంలోనూ, పప్పులోనూ ఈ విషాన్ని చవకగా కనిపెట్టే పరీక్షను మన పటాన్‌చెరు దగ్గర ఇక్రిసాట్ వారు తయారు చేశారు.

వేరుసెనగ పండించే ఇంటి పిల్లలకు ఒక మాట. చేను కోతకు వచ్చే ముందు వానలు ఎగ్గొడితే ఈ బూజు కాయలోకి దూరుతుంది. అనంతపురం జిల్లా వాళ్ళకు ఆ బాధ బాగా తెలుసు. పీకిన కాయను తొందరగా ఎండబెట్టాలి. నూటికి 8 పాళ్ళ కంటే ఎక్కువ తేమ ఉండకూడదు. గుప్పిట్లో పట్టుకుని ఆడిస్తే లోపలి పప్పు గలగలమనాలి. ముడతలు పడ్డవీ, నల్లబడ్డవీ, ఆకుపచ్చ బూజు పట్టినవీ ఏరి పారెయ్యండి, పశువులకు కూడా పెట్టకండి. చెడ్డ చెక్క తిన్న ఆవు పాలలోకి కూడా ఆ విషం కొంత దిగుతుంది. వేయిస్తే పోతుందనుకునేరు, వేయించినా పూర్తిగా పోదు. పల్లీలు తింటున్నప్పుడు ఒక్క పప్పు చేదుగా తగిలిందనుకోండి. చేదుగా ఉన్న ప్రతి పప్పులోనూ విషం ఉంటుందని కాదు. అయినా మొహమాటపడకుండా ఉమ్మెయ్యండి.